నిద్ర ఎలా ఆపుకుంటారు?

మాజీ సైనికుల గౌరవార్థం ఒక్కరే చిన్న విమానంలో ప్రపంచం చుట్టి వచ్చేవాళ్ల గురించి మొన్న రాత్రి చాలాసేపు చదువుతూ కూర్చున్నా. నిజం చెప్పాలంటే ముందు, ఆ ఇంధనం ఖర్చేదో ఆ సైనికులకే ఇవ్వొచ్చుగా అనిపించింది. కానీ ఈ పని ఎంత కష్టమో చదివాక కాస్త తగ్గాను. 1933లో వైలీ పోస్ట్ ఒంటరిగా మొదటిసారి చుట్టి వచ్చాడు, 7 రోజుల 18 గంటల పైన పట్టింది. 1964లో జెర్రీ మాక్ అయితే సెస్నా అనే సింగిల్ ఇంజన్ చిన్న విమానంలో సీట్లు తీసేసి, ఆ చోట అదనపు ఇంధన ట్యాంకులు పెట్టించుకుని వెళ్లింది. సముద్రం మధ్యలో ఇంజన్ ఆగితే ఇక అంతే!

ఇదంతా సత్యనారాయణపురంలో ఉండే మా పెదనాన్నకి చెప్పా. 1971 యుద్ధంలో సిపాయి ఆయన. గౌరవం, గిన్నిస్ రికార్డు, ఇవేవీ పట్టించుకోలేదు, "నిద్ర ఎలా ఆపుకుంటార్రా వాళ్లు?" అని అడిగారు. అక్కణ్నుంచి మొదలుపెట్టి రాజస్థాన్ ఎడారిలో రాత్రి కాపలా, ఇసుక పడ్డ రొట్టెలు, పక్కనే కూర్చుని కునికే పంజాబీ దోస్తు... పెద్దమ్మ భోజనానికి రెండుసార్లు పిలిచినా లేవలేదు. ఇన్నేళ్లలో ఇందులో ఒక్క ముక్క కూడా మాకెవరికీ తెలీదు, అడిగితేగా! ఆ పైలట్లు దిగిన ఊళ్లలోనూ ఇలాంటి మాటలే బయటికొస్తాయేమో, అలాగైతే ఆ ఖర్చుకి నాకు అభ్యంతరం లేదు.

ఆదివారం ఆయన్ని తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం తీసుకెళ్తున్నా, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. ముందు సీటు తనదేనని ఇప్పటికే ఆర్డరేశారు.