కిలోమీటర్లు కాదు, గేట్లు లెక్కపెట్టాలి

మూడేళ్ళ క్రితం ఒక రాత్రి, తొమ్మిది దాటి పది నిమిషాలకు, కర్ణాటకలోని బండీపూర్ అడవి చెక్‌పోస్టు ముందు మా కారు ఆగిపోయింది. గేటు వేసేశారు. అనంతపురం నుంచి పొద్దున ఎనిమిదికి బయల్దేరినవాళ్ళం, బెంగళూరు దాటేసరికే మధ్యాహ్నమంతా అయిపోయింది. అడవికి అవతల మసినగుడిలో గదికి డబ్బు ముందే కట్టేశాం. మా ఆయన దిగి అడిగాడు, పాప నిద్రపోతోందని చెప్పాడు. అక్కడి గార్డు మర్యాదగానే చెప్పాడు, అంబులెన్సులకు తప్ప తెరవమని. వెనక్కి తిప్పుకుని గుండ్లుపేటలో ఒక లాడ్జిలో పడుకున్నాం. నాకు ఆ రాత్రంతా కడుపులో మంటగానే ఉంది.

పొద్దున ఆరింటికి గేటు తీశారు. లారీల వెనక మేమూ కదిలాం. అడవిలోకి రెండు మూడు కిలోమీటర్లు పోయామో లేదో, రోడ్డు మీద ఏనుగు పెంట. చలికి ఇంకా పొగలు కక్కుతోంది. పక్కనే నమిలి వదిలేసిన వెదురు పీచు. కొంచెం ముందు గుంపు దాటుతోంది, రెండు పెద్దవి, మధ్యలో ఒక గున్న. గున్న రోడ్డు మధ్యలో ఆగి తారును తొండంతో తడిమి చూసింది. వెనకున్న తల్లి దాన్ని నుదుటితో మెల్లగా నెట్టింది. రాత్రంతా అది వాళ్ళ దారి. 2009 నుంచి ఆ అడవి రోడ్ల మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఎందుకు ఆపుతున్నారో నాకు ఆ క్షణంలో అర్థమైంది. ఆ గేటు ఇంకా గట్టిగా ఉండాలనే ఇవాళ కోరుకుంటున్నాను.

ఈ సంక్రాంతికి మళ్ళీ అదే దారి పడుతున్నాం, ఈసారి ఇంకా దూరం. బండీపూర్, ముదుమలై, ఊటీ, అక్కడి నుంచి కేరళలోకి దిగి మున్నార్ దగ్గరి ఎరవికుళం నేషనల్ పార్కు. ఎనిమిది రోజులు. నేను, మా ఆయన, అత్తమ్మ, ఆరో తరగతి చదివే మా అమ్మాయి. కనుమ వెళ్ళిన మర్నాడు బయల్దేరతాం. పండక్కి ఇల్లు వదలడానికి అత్తమ్మ ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. ఇంకో కారణం కూడా ఉంది. జనవరి 14 మకరజ్యోతి. మన అయ్యప్ప స్వాములు బస్సులు కట్టుకుని ఆ వైపే పోతారు. కుమిలి, తేని రోడ్లు కిక్కిరిసిపోతాయి.

అసలు జనవరే ఎందుకు అంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ కొండల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, కూనూరు ఘాట్‌లో కొండచరియలు. ఫిబ్రవరి, మార్చిల్లో కొండమేకలు ఈనే కాలమని ఎరవికుళం మూసేస్తారు. మా స్నేహితురాలి కుటుంబం ఒకసారి ఫిబ్రవరిలో మున్నార్ దాకా పోయి, ఆ గేటు ముందు ఫొటో దిగి తిరిగొచ్చింది. కాబట్టి మిగిలింది జనవరి.

మొదట నేనూ అందరిలాగే మ్యాపు తెరిచి కిలోమీటర్లు కూడుకున్నాను. అవి ఎందుకూ పనికిరాలేదు. అనంతపురం నుంచి బండీపూర్ నాలుగు వందల పైచిలుకు, పగలు పోయి చేరిపోవచ్చు. కానీ అడవి దారుల్లో ప్రతి చోటా ఒక గేటు, ఒక వేళ, ఒక అనుమతి. అందుకని పాప పాత నోటుబుక్కు తీసుకుని గేట్ల టైములు మాత్రమే రాయడం మొదలుపెట్టాను. వాటి మధ్య ఖాళీల్లో మా తిండి, నిద్ర, డ్రైవింగ్ సర్దుకున్నాం. మొదటి రోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాలన్నది అలా తేలిందే. మేం దాటాల్సింది అప్పుడే నిద్ర లేస్తున్న బెంగళూరును, పనికి పోయే బెంగళూరును కాదు.

మొత్తం దారి ఎటు నుంచి ఎటు పోవాలో తేల్చింది మాత్రం ఒకే ఒక్క ఘాట్. మసినగుడి నుంచి ఊటీకి కల్హట్టి మీదుగా 36 హెయిర్‌పిన్ మలుపులు. బాగా నిటారు. అది దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పిన బండ్లు చాలానే ఉన్నాయి. అందుకే ఊటీ నుంచి ఆ దారిలో కిందికి బయటి బండ్లను పోనివ్వరు. వాళ్ళు గూడలూరు మీదుగా దిగాలి. ఎక్కడానికైతే ఫరవాలేదు. ముందు కేరళ చూసుకుని ఊటీ మీదుగా వెనక్కి వద్దామని మా ఆయన వేసిన ప్లాన్ ఆ ఒక్క దెబ్బతో పోయింది. మేం ఎక్కుతూ పోతాం, పగటిపూట, రెండో గేరులో, అవసరమైతే ఒకటిలో. ఏసీ ఆపేసి.

ఎక్కే ముందు తెప్పకాడు. ముదుమలై ఏనుగుల శిబిరం అక్కడే, మోయార్ నది ఒడ్డున. పోయినసారి ఒక గంట ఉన్నాం. ఈసారి అత్తమ్మ కోసం ఎక్కువసేపు ఉండాలి. అక్కడ ఏనుగులకు పెట్టేది రాగి ముద్దలు, ఉడికించిన ఉలవలు, బెల్లం, ఉప్పు. ఏ ఏనుగు తిండి ఆ ఏనుగుకు కొలత ప్రకారం చేస్తారు. మావటి ముద్దను రెండు చేతులా ఎత్తి నేరుగా నోట్లో పెడతాడు. ముద్ద మీద అతని వేళ్ళ అచ్చులు కనిపిస్తాయి. ఇంట్లో సంగటి కెలికినప్పుడు అత్తమ్మ తడిచేత్తో ముద్ద చేస్తే పడే అచ్చుల్లాంటివే. ఆమెకు ఈ సంగతి చెప్పినప్పుడు, "ఏనుగు కూడా మన కూడే తింటాదా" అని అడిగి చాలాసేపు నవ్వుకుంది. అంతకుముందు వరకు మోకాళ్ళ నొప్పులని రానంటున్న మనిషి, ఆ తర్వాత ఒక్కసారి కూడా రానని అనలేదు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఈ ప్రయాణం మీద నాకున్న ఆశ అంతా ఆ కొండల మీద గడ్డి గురించి. నీలగిరుల్లో, మున్నార్ పైన ఎత్తుల్లో, వాలు నిండా గడ్డి ఉంటుంది. కొండ మడతల్లో మాత్రమే చిక్కటి అడవి. దాన్నే షోలా అంటారు. వాన నీటిని పట్టి ఉంచుకుని ఏడాది పొడవునా వాగుల్లోకి వదిలేది అదే. ఒకే కొండ, ఒకే వాన, గడ్డి మైదానంలో చెట్టు ఎందుకు మొలవదు? దానికి ఒక ముఖ్యమైన కారణం మంచు. చలికాలం రాత్రుల్లో అక్కడ నేల మీద మంచు గడ్డకడుతుంది. గడ్డి తట్టుకుంటుంది, షోలా చెట్ల మొలకలు తట్టుకోలేవు. ఇది పదహారేళ్ళుగా బోర్డు మీద గీసి చెబుతున్నాను. అనంతపురం పిల్లలకు నేల మీద మంచు అంటే ఎలా చెప్పను? ఊటీకి ముందు తలైకుందా దగ్గర జనవరి తెల్లవారుజాముల్లో గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. నాలుగో రోజు ఐదున్నరకు అక్కడ ఉండాలి. ఎండ తగిలాక అరగంటలో కరిగిపోతుంది. మా అమ్మాయి దాన్ని చేత్తో తాకాలి, తర్వాత రెండు రోజులకు ఎరవికుళంలో ఆ గడ్డిని, ఆ మడతల్లో అడవిని చూడాలి. చెప్పకుండానే అర్థమవుతుందేమో చూడాలి.

ఊటీ నుంచి కోయంబత్తూరు, ఉడుమలపేట దాకా మామూలు రోడ్డే. అక్కడి నుంచి చిన్నార్ అడవి మీదుగా మరయూరు, మున్నార్. చీకటి పడకముందే ఆ అడవి దాటాలని పెట్టుకున్నాం. చిన్నార్ అంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. కేరళ అంటే పచ్చదనమే అనుకుంటాం కదా, ఇది వానచాటు నేల, కొండలు మేఘాలకు అడ్డుపడి వాన తక్కువ పడే చోటు. ముళ్ళ పొదలు, ఎర్రమన్ను, నక్షత్ర తాబేళ్ళు. మా అనంతపురమూ వానచాటు నేలే. అరగంట పైకి ఎక్కితే మరయూరు చందనం తోపులు, కంచెల వెనక. అక్కడి బెల్లం ఉండలు రెండు కిలోలు తేవాలి.

ఎరవికుళంలోకి మన బండి పోనివ్వరు. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుంటే అటవీ శాఖ బస్సులో తీసుకుపోతారు. అక్కడి నుంచి తారురోడ్డు మీద నడక, అత్తమ్మ మెల్లగా నడవగలదు. ఆ గడ్డిలోనే నీలకురింజి ఉంది. పన్నెండేళ్ళకు ఒకసారి కొండంతా ఒకేసారి పూసి, విత్తనం రాల్చి చచ్చిపోతుంది. 2018లో పూసినప్పుడు పోదామని గది కూడా చూసుకున్నాం. ఆగస్టులో కేరళను వరదలు ముంచేశాయి, మున్నార్ దారులు తెగిపోయాయి. అప్పుడు మా పాప నాలుగేళ్ళది. మళ్ళీ 2030. ఈసారి మనకు కనిపించేది పూలు లేని పొదలే. అయినా పూయని ఏళ్ళలో ఆ మొక్క ఎలా ఉంటుందో తెలియకుండా, పూసిన ఏడాది పోయి ఫొటో దిగడం నాకు ఇష్టం లేదు.

తేక్కడి, సైలెంట్ వ్యాలీ కూడా మొదటి ప్లాన్‌లో ఉన్నాయి. రెండూ కొట్టేశాను, బాధగానే. ఎనిమిది రోజుల్లో ఇరికిస్తే ఏదీ చూసినట్టుండదు. తిరుగు ప్రయాణం పూపారా, బోడిమెట్టు మీదుగా దిగి సేలంలో నిద్ర. పూపారా దగ్గర మతికెట్టాన్ షోలా నేషనల్ పార్కు ఉంది. లోపలికి పోయినవాళ్ళకు మతి చెడి దారి తప్పుతుందని ఆ పేరు వచ్చిందంటారు. దూరం నుంచి చూస్తాం.

నీలగిరి జిల్లాలోకి పోవడానికి 2024 మే నుంచి ఈ-పాస్ ఉండాలి, అది తీసుకున్నాను. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు అక్కడ నిషేధం, స్టీలు క్యాన్లు రెండు కొన్నాం. నిప్పట్లు, చెనక్కాయల పొడి గుడ్డ సంచుల్లో. అడవిలో కిటికీ దించకూడదు, కోతులకు ఒక్క గింజ కూడా వేయకూడదని పాపకు చెప్పి ఉంచాను.

బడి తెరిచాక పాపకు ఐదు రోజులు సెలవు కావాలి. జ్వరమని రాయొద్దు, ఉన్నదే రాయమన్నాను. "నీలగిరి కొండల మీద గడ్డికి పట్టిన మంచు చూడటానికి వెళ్తున్నాను, ఐదు రోజులు సెలవు ఇవ్వగలరు" అని రాసింది. ఇంకా క్లాస్ టీచర్ సంతకం కాలేదు.