ఆరడుగుల బోర్డు, పదమూడు అక్షరాలు

స్కూల్లో మెట్ల దగ్గరి బోర్డు చూసి వెళ్లిపోయేది, ఆఫీసు ముందు బోర్డు నోటీసులది. లైబ్రరీ బోర్డు అలా కాదు, చూసిన పిల్లాడి చేత పుస్తకం తీయించాలి. అందుకే విజయవాడలో ఒక స్కూలు లైబ్రరీ చూసుకునే నేను, ఏ సందర్భం వచ్చినా ముందు చార్టులు కొనను. అలమారల దగ్గరికి వెళ్లి ఆ సందర్భానికి పనికొచ్చే పుస్తకాలు తీసి బల్ల మీద పేరుస్తాను. పన్నెండు కూడా రాకపోతే అంశమే మార్చేస్తాను. బోర్డు ఎంత అందంగా ఉన్నా, కింద ఇవ్వడానికి రెండే పుస్తకాలుంటే మూడో పిల్లాడు ఖాళీ చేతులతో పోతాడు. వాడు మళ్లీ ఆ బోర్డు వంక చూడడు.

జూన్ రెండో వారంలో బడి తెరుస్తారు, 19న పఠన దినోత్సవం. ఆగస్టులో వరసగా మూడు: 12న గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి పేరు మీద గ్రంథపాలకుల దినోత్సవం, 15, ఆపైన 29న గిడుగు రామమూర్తి గారి జయంతి, అంటే తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబరులో ఉపాధ్యాయ దినోత్సవం అయ్యాక 21న గురజాడ, 28న మన వినుకొండ కవి జాషువా. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవం. ఏప్రిల్ 23న ప్రపంచ పుస్తక దినోత్సవం ఉంది కానీ అప్పటికి పుస్తకాలు వెనక్కి రాబట్టుకునే హడావుడిలో ఉంటాం. చదవమని బోర్డు పెట్టి పుస్తకం ఇవ్వనంటే బాగుండదు కాబట్టి ఆ రోజుకి నేను ఏమీ పెట్టను.

మాది ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న సాఫ్ట్‌బోర్డు. నేపథ్యానికి చార్టులు వాడితే లెక్క ఇలా ఉంటుంది. మామూలు డ్రాయింగ్ చార్టు సుమారు 28 అంగుళాలు, 22 అంగుళాలు. పొడవు అడ్డంగా వచ్చేలా వరసకి మూడు, రెండు వరసలు, మొత్తం ఆరు. రెండు వరసల ఎత్తు కలిపి 44 అంగుళాలు, బోర్డు 48. పైనా కిందా రెండున్నర అంగుళాల అంచుపట్టీ వేస్తే ఆ లోటు కప్పబడిపోయి, ఒక అంగుళం ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి మిగులుతుంది. చార్టులు నిలువుగా పెడితే ఎనిమిది కావాలి, అతుకులూ ఎక్కువ.

కాకపోతే నేను చార్టు నేపథ్యం మానేశాను. మన ఊళ్లో ఆగస్టు, సెప్టెంబరు తేమకి చార్టు ఉబ్బుతుంది, ఎండ కాయగానే అతుకుల దగ్గర చెవులు లేస్తాయి. ఒకవేపు గోడ చెమ్మగా ఉంటే నాలుగో రోజుకే ముడతలు. దాని బదులు గుడ్డ. 54 అంగుళాల పన్నా ఉన్న కేస్‌మెంట్ గుడ్డ రెండు మీటర్లు తీసుకుంటే చుట్టూ రెండేసి అంగుళాలు మడతకి పోను సరిపోతుంది. 44 పన్నా తీసుకుంటే మధ్యలో కుట్టు తప్పదు. వస్త్రలత బట్టల మార్కెట్లో అయినా వీధి చివర దుకాణంలో అయినా ముందు పన్నా అడగాలి, రంగు తర్వాత. తెచ్చాక నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు బిగించాలి. నానబెట్టకుండా బిగిస్తే మొదటిసారి ఉతికినప్పుడు కుంచించుకుపోయి మళ్లీ బోర్డుకి చాలదు. ముదురాకుపచ్చ ఒకటి, గోధుమరంగు కలిసిన తెలుపు ఒకటి ఉంటే ఏడాదంతా గడుస్తుంది. ఆగస్టులో మూడు బోర్డులకీ ఒకే గుడ్డ, ఒకే అంచు ఉంచి మధ్యలో సరుకు మాత్రం మారుస్తాను. లేకపోతే పదిహేడు రోజుల్లో మూడుసార్లు అంతా పీకి వేయడం ఒక్క మనిషి వల్ల కాదు.

బిగించేటప్పుడు పై అంచు మధ్యనుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ వెళ్లాలి, తర్వాత కింద మధ్యనుంచి. మూలలు చివర. మూల నుంచి మొదలుపెడితే గుడ్డ ఐమూలగా లాగేసి అలలు పడుతుంది. గుండుసూదులు వానాకాలంలో తుప్పు పట్టి గుడ్డకి మరకలు చేస్తాయి, కింద పడితే చిన్నపిల్లల కాళ్లకి గుచ్చుకుంటాయి. స్టేప్లర్‌ని వెనక్కి తెరిచి, కొంచెం వాలుగా పట్టి కొడితే పిన్ను సగమే దిగుతుంది, తీసేటప్పుడు చెంచా కాడతో లేచి వస్తుంది.

ఇక శీర్షిక. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు’ అనే మాట తీసుకోండి. సున్నాని విడిగా లెక్కేస్తే కత్తిరించాల్సినవి పదమూడు అక్షరాలు. ఒక్కోటి నాలుగంగుళాల వెడల్పు అనుకుంటే 52. అక్షరాల మధ్య అరంగుళం చొప్పున పది ఖాళీలకి 5, మాటల మధ్య మూడేసి చొప్పున 6. మొత్తం 63. రెండు పక్కలా అంచు పోగా బోర్డు మీద మిగిలేది 67 అంగుళాలు. సరిపోయింది, కానీ అటూ ఇటూ రెండంగుళాలే మిగిలాయి. అక్షరం ఐదంగుళాలు చేస్తే చివరి ‘లు’ గోడ మీదికి పోతుంది. ఎత్తు సంగతి ఇంకా మరిచిపోతారు. గ్ర, త్స లాంటి వాటికి కింద వత్తు, తీ, రో లాంటి వాటికి పైన గుణింతం. అందుకని నాలుగంగుళాల అక్షరాలకి ఎనిమిది అంగుళాల పట్టీ వదలాలి. ఇంగ్లీషు అక్షరాల లెక్కతో ఐదంగుళాలు వదిలితే వత్తులు కింద బొమ్మల్లోకి దిగిపోతాయి.

అక్షరాలు చేత్తో గీయగలిగితే సరే. లేకపోతే ఏ4 కాగితానికి ఒక అక్షరం చొప్పున ప్రింటు తీయించాలి. రామభద్ర ఫాంటు లావుగా ఉంటుంది కాబట్టి కత్తెరకి లొంగుతుంది. సన్నగీత ఫాంట్లు కత్తిరించేలోపే తెగుతాయి. ఫాంటు సైజు అంకెని నమ్మొద్దు. అందులో పైన గుణింతానికీ కింద వత్తుకీ వదిలిన చోటు కూడా కలిసి ఉంటుంది. ఒక ‘ల’ తీసి స్కేలు పెట్టి కొలిచి, అప్పుడు సైజు పెంచుకోవాలి. డీటీపీ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లేవాళ్లు పీడీఎఫ్ చేసి తీసుకెళ్లండి. మనం ఫోన్లో, కంప్యూటర్లో కొట్టేది యూనికోడ్, చాలా షాపుల్లో ఉండేది పేజ్‌మేకర్, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లు. అక్కడ మన ఫైలు తెరిస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో డబ్బాలో వస్తాయి.

ప్రింటుని రంగు చార్టు మీద పెట్టి, అక్షరం గీతకి బయట నాలుగుచోట్ల స్టేపుల్ కొట్టి రెండూ కలిపి కోయాలి. ముందు లోపలి కన్నాలు కట్టర్‌తో, తర్వాతే బయటి గీత కత్తెరతో. బయట ముందు కోస్తే పట్టుకోవడానికి చోటుండదు, కన్నం కోసేటప్పుడు చిరుగుతుంది. వత్తుకీ అక్షరానికీ మధ్య పావంగుళం సన్నటి వంతెన వదిలితే రెండూ ఒకే ముక్కగా వస్తాయి. దూరం నుంచి అది కనపడదు.

‘థ’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్రంథాలయాన్ని ‘గ్రంధాలయం’ అని రాసిన బోర్డులు ఊళ్లో ఎన్ని లేవు! కాగితం అక్షరాల్లో మనం సరిగ్గా చేసినా ఆ తప్పు వచ్చిపడుతుంది. ‘థ’ కడుపులో చుక్క విడి ముక్క. అంటించేటప్పుడు మరిచినా, ఫ్యాను గాలికి రాలినా మిగిలేది ‘ధ’. అందుకే ఆ చుక్కలు నాలుగు అదనంగా కోసి కవర్లో ఉంచుతాను.

వరస తిన్నగా రావడానికి చాక్‌పీసు రుద్దిన దారం రెండు చివరలా లాగి పట్టుకుని మధ్యలో ఒక్కసారి వదిలితే గుడ్డ మీద గీత పడుతుంది. అక్షరాల అడుగులు ఆ గీత మీద, వత్తులు గీతకి దిగువన. ముందు మొదటి అక్షరం, చివరి అక్షరం, నట్టనడుమ ఒకటి పెట్టుకుని మిగతావి సర్దాలి. ఎడమ నుంచి వరసగా అంటించుకుంటూ వస్తే చివర మూడక్షరాలు ఇరుక్కుంటాయి.

వారోత్సవాలకి మన ప్రాంతంలో బొమ్మ కోసం వెతుక్కోనక్కర్లేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే, దాని వెనక అయ్యంకి వెంకట రమణయ్య గారు. పాతూరి నాగభూషణం గారు 1935లో గుంటూరు జిల్లా వైపు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. తేలుతూ వచ్చే లైబ్రరీ అంటే పిల్లలు ఆగి చూస్తారు. పుస్తకంలోంచి చెట్టు మొలిచే బొమ్మ ఎన్నిసార్లు పెట్టినా ఎవరూ ఆగరు. పడవకి ఫ్రిజ్ అట్టపెట్టె చాలు. మూడడుగుల పొడవు, పది అంగుళాల ఎత్తు. అట్టలో గొట్టాల్లాంటి గీతలు పడవ పొడవునా అడ్డంగా ఉండేలా కోయాలి, నిలువుగా ఉంటే నడుము దగ్గర విరుగుతుంది. నీలం చార్టుతో మూడు అలల పట్టీలు, వాటిని ముందుకి తేవడానికి అరంగుళం థర్మోకోల్ ముక్కలు. వెనక అల గుడ్డకి ఆని, మధ్య అల ఒక ముక్క మందం ముందుకి, ముందు అల రెండు ముక్కల మందం. ఆ సందులో పడవ కూర్చుంటుంది. పడవలో సరుకు మన బల్ల మీది పుస్తకాల అట్టలే. అసలు అట్టలు చింపొద్దు, గుచ్చొద్దు. కలర్ జిరాక్స్ సగానికి తగ్గించి తీయించి ఒక్కోదాని మూలన యాక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ రిజిస్టరులో ఆ పుస్తకానికున్న నంబరు, రాయాలి. పిల్లలు ఆ నంబరు చెప్పి అడుగుతారు. పుస్తకం ఎవరికైనా ఇచ్చిన రోజున ఆ అట్ట మీద ‘చదువుతున్నారు’ అని చిన్న చీటీ పెడతాను. చీటీ పడ్డ పుస్తకానికే తర్వాత ఎక్కువమంది వస్తారు, అదేం చిత్రమో.

పంద్రాగస్టు బోర్డుకి జాగ్రత్త వేరే రకం. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది 1921లో ఈ ఊళ్లోనే కాబట్టి ఆ కథ పెట్టని ఏడాది ఉండదు. ఆయన చూపింది ఎరుపు, ఆకుపచ్చ రంగులది, తెలుపు గాంధీజీ సూచనతో తర్వాత చేరింది. ఇప్పటి జెండాని రాజ్యాంగ సభ 1947 జులై 22న ఆమోదించింది. ఈ రెండు తేదీల మధ్య జెండా ఎలా మారిందో వరసగా పెడితే బోర్డుకి అదే చాలు. పొడవు వెడల్పులు 3:2. 225 మిల్లీమీటర్ల పొడవు, 150 వెడల్పు ఉన్న జెండాకి చక్రం వ్యాసం 40 మిల్లీమీటర్లు, ఆకులు 24. చేత్తో గీస్తే ఇరవయ్యో ఇరవైరెండో వస్తాయి, చక్రం మాత్రం ప్రింటు తీసి అంటించడం మేలు. జెండా మీద ఏమీ రాయకూడదు. జెండాలని తోరణంగా కట్టకూడదు. గుచ్చకుండా నాలుగు మూలలకీ కాగితం జేబులు చేసి నిలబెడతాను. మూడు రంగుల చార్టుతో అంచు వేసేటప్పుడు కాషాయం కిందికి వచ్చేలా తిరగేసే పొరపాటు మనకి తెలియకుండానే జరుగుతుంది, పూర్తయ్యాక వెనక్కి వెళ్లి ఒకసారి చూడాలి.

తెలుగు భాషా దినోత్సవానికి నాకు బొమ్మలే అక్కర్లేదు. గిడుగు వారు 1863లో పుట్టారు, వాడుక భాష కోసం పోరాడారు, సవర అనే గిరిజన భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారు. ఆ మూడు ముక్కలతో ఒక కార్డు. మిగతా చోటంతా పాత శుభలేఖల కవర్లు, నోరు పైకి వచ్చేలా, అక్షరమాల వరసలో. పిల్లలు ఇంట్లో నాయనమ్మో తాతయ్యో అనే మాట ఒకటి చీటీ మీద రాసి దాని మొదటి అక్షరం కవర్లో వేయాలి. ‘ణ’, ‘ళ’ లకి కవర్లు పెట్టొద్దు, వాటితో మొదలయ్యే మాటలు లేక ఖాళీగా ఉండిపోతాయి. ‘ప’కీ ‘క’కీ రెండేసి పెట్టండి.

జిగురు విషయంలో ఒక్కటే మాట. థర్మోకోల్ మీద ఫెవిక్విక్ వేసినా, స్ప్రే పెయింటు కొట్టినా కరిగి గుంటలు పడుతుంది. గ్లూ గన్ బాగా వేడెక్కితే అదీ అంతే. తెల్ల ఫెవికాల్ పల్చగా రాసి రాత్రంతా బరువు పెట్టి వదిలేయడమే. మైదా లై చవకే కానీ పుస్తకాల గదిలోకి రానివ్వొద్దు. పుస్తకాలు తినే వెండిరంగు పురుగుకి అది విందు.

బోర్డు ఎత్తుని మనం మార్చలేం, చాలా చోట్ల నేల నుంచి నాలుగడుగుల పైనే బిగించేస్తారు. మూడో తరగతి పిల్లలు తలెత్తి చూడాల్సిందే. అందుకని చదవాల్సిన కార్డులు కింది సగంలో, ఒక్కోటి ఏడెనిమిది వరసలు మించకుండా. పై సగంలో శీర్షిక, బొమ్మ. ఫ్యాను బోర్డుకి ఎదురుగా ఉంటే కార్డులకి కింది రెండు మూలలూ కూడా బిగించాలి, పైన రెండే కొడితే రోజంతా టపటపలాడతాయి. కిటికీ ఎండ పడే వైపు గులాబీ, ఎరుపు చార్టులు పెట్టొద్దు, రెండు వారాల్లో వెలిసిపోతాయి.

తీసేటప్పుడు అక్షరాలని మాటల వారీగా కాకుండా అక్షరాల వారీగా, పెద్ద కవర్లలో సర్దుతాను. ‘గ్రంథాలయ’లో ‘గ్ర’, ‘ల’ ఆగస్టులో గ్రంథపాలకుల బోర్డుకీ పనికొస్తాయి. కవరు మీద ఎత్తు, రంగు, ఎన్ని ఉన్నాయో రాసి పెడతాను. ‘థ’ కవర్లో చుక్కలు వేరే పొట్లం.