అన్నయ్య తాగుడుకి వైద్యం ఎక్కడ దొరుకుతుందో వెతుక్కున్న రోజులు

ఇంట్లో తాగుడు సమస్య ముదిరాక ఎవరైనా ముందు అడిగేది "తాగుడు మాన్పించే మంచి సెంటర్ ఏదైనా తెలుసా" అనే. నేనూ కనపడినవాళ్ళందరినీ అదే అడిగాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే మాత్రం సెంటర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు సైకియాట్రిస్టుకి చూపించండి అంటున్నాను. ఎందుకో తెలియాలంటే మా అన్నయ్య సంగతి చెప్పాలి.

మాది తెనాలి దగ్గర ఊరు. అన్నయ్యది నిమ్మకాయల వ్యాపారం, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అన్నయ్యకి తెల్లారి లేవగానే క్వార్టర్ పడకపోతే చేతులు నిలిచేవి కావు. వదిన టీ ఇస్తే గ్లాసు బల్ల మీదే ఉంచి, తనే వంగి మూతి దగ్గరకి పెట్టి రెండు గుక్కలు తాగేవాడు. పిల్లల ముందు గ్లాసు ఎత్తితే ఒలికిపోతుందని.

మా వైపు తాగుడు మాన్పించడానికి అందరికీ తెలిసిన ఉపాయం అయ్యప్ప మాల. 41 రోజులు నిష్ఠగా ఉంటే ఆ అలవాటే నిలిచిపోతుందంటారు, కొందరికి నిలిచింది కూడా, కాదనను. అన్నయ్యకి మాత్రం మాల వేసుకున్న మర్నాడు రాత్రి ఫిట్స్ వచ్చాయి. నియమం తప్పాడని, స్వామికి కోపం వచ్చిందని ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళన్నారు. అసలు కారణం తర్వాత డాక్టరుగారు చెప్పారు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాళ్ళ మెదడు, మద్యం తెచ్చే మత్తుకి ఎదురు నిలవడానికి తన వేగం పెంచుకుని ఉంటుంది, మద్యం ఒక్కసారిగా ఆగిపోతే ఆ వేగానికి పగ్గం ఉండదు. ఆపిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా లేని మనుషులు కనపడటం, ఎక్కడున్నామో తెలియకపోవడం లాంటివి కూడా రావచ్చు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. అందుకే "ఇవ్వాళ్టి నుంచి చుక్క ముట్టనని ఒట్టు పెట్టు" అని ఇంట్లో కూర్చోబెట్టడం అంటే నాకు భయం. పట్టుదల ఎంత ఉన్నా ఫిట్స్ ఆగవు.

ఆ రాత్రి తర్వాత నేను సెలవు పెట్టి వెళ్ళి ఫోన్లు మొదలుపెట్టాను. ఒక ప్రైవేటు సెంటర్ అతను ఎంత మామూలుగా మాట్లాడాడంటే, "అడ్రస్ పెట్టండి మేడమ్, రాత్రికి మావాళ్ళు వచ్చి తీసుకొచ్చేస్తారు, ఆయనకి ముందు చెప్పకండి, మూడు నెలలు మీరు ఫోన్ చేయకూడదు, చూడ్డానికి రాకూడదు" అన్నాడు. అక్కడ డాక్టర్ ఎవరండీ అంటే వారానికోసారి వస్తారన్నాడు. ఫిట్స్ వచ్చిన మనిషిని అలాంటి చోట ఎలా వదులుతాం? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలకీ వర్తిస్తుంది. దాని ప్రకారం ఇలాంటి సెంటర్ రిజిస్టర్ అయి ఉండాలి. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడు విడివిడిగా పరీక్షించి తేల్చాలి, అప్పుడు కూడా మొదట 30 రోజులకి మించి ఉంచుకోకూడదు. ఫోన్ మాట్లాడటం, అయినవాళ్ళని కలవడం రోగి హక్కు. గొలుసులతో కట్టేయడం నేరం. మంచిగా నడిచే సెంటర్లు లేవని అనడం లేదు, కానీ ఈ ప్రశ్నలు అడిగితే తడబడే చోటికి మాత్రం పంపకండి.

దారి దొరికింది ప్రభుత్వ హెల్ప్‌లైన్ల వల్ల. 14446 వ్యసనాల కోసమే పెట్టింది, 14416 టెలీ మానస్, అంటే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ, అక్కడ తెలుగులో మాట్లాడతారు. గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉందని అప్పుడే నాకు తెలిసింది. అంత దగ్గర్లో ఉన్న సంగతి మా ఊళ్ళో ఒక్కరూ చెప్పలేదు. ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది, మద్యానికి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని అందులో ఉంది. మరి ఊళ్ళో ఎవరు చెబుతారు!

అన్నయ్యని ఒప్పించడం గురించి అందరూ అడుగుతారు. ఒప్పించడానికి నేను పెద్దగా ఏమీ చేయలేదు, ఫిట్స్ మళ్ళీ వస్తాయేమోనన్న భయం తనకే ఉంది, "తాగుడు సంగతి తర్వాత, ముందు ఫిట్స్‌కి చూపించుకుందాం రా అన్నయ్యా" అన్నాను, వచ్చాడు. ఓపీలో అమ్మ చెప్పడం మొదలుపెడితే డాక్టరుగారు ఆపి, "అమ్మా, మీరు కాసేపు ఆగండి. ఆయన్ని చెప్పనివ్వండి" అన్నారు. ఎంత తాగుతారు, పొద్దున్నే తాగాల్సి వస్తోందా, ఆపాలనుకుని ఆపలేకపోయారా, తాగినప్పుడు జరిగింది మర్చిపోతున్నారా అని వరసగా అడిగారు. ఎవరూ తిట్టకుండా అడిగితే అన్నయ్య అంత వివరంగా చెప్పడం నేను అప్పుడే విన్నాను.

అడ్మిట్ చేసుకుని, వణుకు, ఫిట్స్ రాకుండా ఆపే లిబ్రియం అనే మందు మోతాదు రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ ఇచ్చారు, దాంతోపాటు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్లు. ఇది మన ఊళ్ళవాళ్ళందరికీ తెలియాలి. తాగేవాళ్ళు నీరసపడగానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తారు కదా, థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. సిస్టర్ పూటపూటకీ వచ్చి రెండు చేతులూ చాపమనేది, వేళ్ళ వణుకు చూసి రాసుకునేది. వణుకు తగ్గేకొద్దీ వదిన ముఖంలోకి కళ వచ్చింది.

అక్కడితో అయిపోయిందనుకుని డిశ్చార్జ్ అవగానే మానేసేవాళ్ళు చాలామంది. ఒంట్లోంచి మద్యం దిగిందంతే, తాగాలనే గుంజుడు అలాగే ఉంటుంది. దానికి వేరే బిళ్ళలున్నాయి. డైసల్ఫిరామ్ వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. అమ్మ దాన్నే అడిగింది, "మజ్జిగలో కలిపి ఇచ్చేస్తానమ్మా, వాడికి తెలియదు" అని. డాక్టరుగారు గట్టిగా వద్దన్నారు, తెలియక తాగితే ప్రాణం మీదకి రావచ్చు, మనిషికి చెప్పి, తను ఒప్పుకున్నాకే ఇవ్వాలన్నారు. రోగికి తెలియకుండా కూరలో కలపండి అని అమ్మే పొడుల ప్రకటనలు చూస్తే నాకు ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. అన్నయ్య లివర్ పరీక్షలు బాగా లేవు కాబట్టి ఆ గుంజుడు తగ్గించే అకాంప్రోసేట్ అనే మందు రాశారు, రోజుకి ఆరు బిళ్ళలు.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెబుతారనుకున్నాం. సైకాలజిస్టు గారు అడిగింది అసలు ఏ రోజు, ఏ గంటకి, ఎవరితో ఉన్నప్పుడు తాగాలనిపిస్తుంది అని. నిమ్మకాయల డబ్బు చేతిలో పడే సాయంత్రం అని తేలింది, ఎందుకంటే లెక్కలన్నీ వైన్ షాపు దగ్గరే తేలేవి. డబ్బు వదిన ఖాతాలోకి ఫోన్‌పే చేయించుకోవడం, ఆ గంటకి ఇంటి దగ్గర ఉండటం, పిలిచేవాళ్ళకి ఏం చెప్పాలో నోటితో పలికి అలవాటు చేసుకోవడం, ఇలా ఉండేది చికిత్స. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా ఉండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకీ వెళ్ళమన్నారు. 1935లో అమెరికాలో మొదలైంది, తెలుగులో జరిగేవీ ఉన్నాయి, ఫీజు లేదు. కుటుంబాలకి అల్-అనాన్ వేరుగా ఉంది. వదినని ఫోన్‌లో అందులో కూర్చోబెట్టాను, తన మనసులో ఉన్నది అంతకుముందెప్పుడూ అంతసేపు ఎవరికీ చెప్పుకోలేదట.

మధ్యలో ఒక పెళ్ళిలో అన్నయ్య మళ్ళీ తాగాడు. అమ్మ అంతా అయిపోయిందని ఏడ్చింది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం, డాక్టరుగారు ఈ జబ్బులో ఇలా జరుగుతుంది, దాచకుండా వచ్చారు కదా అని చెప్పి, లివర్ పరీక్షలు మెరుగ్గా ఉండటంతో తాగాలనే గుంజుడు తగ్గించే ఇంకో మందు నాల్ట్రెక్సోన్ కూడా కలిపారు. చాలా పాలసీల్లో మద్యం వ్యసనానికి ఇన్సూరెన్స్ వర్తించదు, చేరేముందే చూసుకోండి, మాకు ప్రభుత్వాసుపత్రి కాబట్టి ఆ టెన్షన్ లేదు. అన్నయ్య ఇప్పటికీ ఓపీకి వెళ్తున్నాడు, ఈ మధ్య వెంట ఎవరూ రానక్కర్లేదంటున్నాడు.