ముద్దా, ఎంగిలీ

"మూడేళ్లలోపు పాప ఎవరి దగ్గర పెరిగింది? ఇంట్లో ఎంతమంది? రాత్రి పక్కన ఎవరు పడుకునేవారు?" ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కడుపు డాక్టరు ఒక్కొక్కటీ అడుగుతుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎనిమిదో నెలలో తెనాలి పంపించాను. అమ్మ దగ్గర మూడేళ్లు వచ్చేదాకా ఉంది. వేసవిలో ఏసీ ఉన్న ఒక్క గదిలో ఆరుగురు చాపలేసుకుని పడుకునేవారు.

ఇప్పుడు దానికి ఆరేళ్లు. నెలల తరబడి ఐరన్ సిరప్ పోసినా రక్తం పట్టలేదు. ఎండోస్కోపీ చేసి, కడుపులోంచి చిన్న ముక్క తీసి చూస్తే హెలికోబాక్టర్ పైలోరీ ఉందని తేలింది. కడుపులోని ఆమ్లంలోనే తన చుట్టూ అమోనియా పుట్టించుకుని బతికే సూక్ష్మక్రిమి. 1982లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు దీన్ని ల్యాబులో పెంచి చూపించింది ఈ పెర్త్‌లోనే. అల్సర్లకు ఇదే మూలమంటే డాక్టర్లు నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణం తానే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అమ్మకు ఫోన్ చేశాను. "నా చేతి ముద్దలు తినే కదే దానికీ జబ్బు?" అంది. ఆ గొంతు విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

చేతి తప్పు కాదు. ఇది ఎక్కువగా చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. నోటి ఎంగిలి, వాంతి, మలం తగిలిన నీళ్లు, ఇరుకు గదులు దానికి దారులు. ఎంగిలి కంచం ముట్టుకోనివ్వని ఇల్లు మాది. చంటిపిల్లల దగ్గర మాత్రం ఆ పట్టింపు ఉండదు. వేడి చూడ్డానికి ముద్దను పెదవికి ఆనిస్తాం, మెతుకులు నమిలి పెడతాం. తెనాలి పంపకముందు నేనూ అదే చేశాను. తర్వాత పరీక్ష చేయిస్తే నాకూ ఉంది, పదేళ్లుగా పరగడుపున గ్యాస్ బిళ్ళ మింగుతున్న మా ఆయనకూ ఉంది. పాపకు ఎవరి నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? అమ్మ మీదకు మాత్రం తోయలేను.

కడుపునొప్పి అన్న ప్రతి పిల్లకూ ఈ పరీక్ష అక్కర్లేదు, ఈ క్రిమి ఉన్నవాళ్లలో చాలామందికి ఏ బాధా ఉండదు. ఇండియా వెళ్లినప్పుడు రక్తంలో యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోడానికి ఒంట్లో పుట్టేవి) చూపించి మందులు మొదలుపెట్టించకండి. పాత ఇన్ఫెక్షన్ పోయినా అవి మిగిలే ఉంటాయి.

పద్నాలుగు రోజులు రెండు యాంటీబయాటిక్‌లు, ఆమ్లం తగ్గించే మందు. ఒకటి భరించలేని చేదు. పాప ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని, అయినా ఒక్క పూట కూడా మాననివ్వలేదు. మందులు ఆపిన ఆరు వారాలకు సంచిలోకి ఊది శ్వాస పరీక్ష చేయించుకుంది. క్రిమి లేదు.

డిసెంబరులో అమ్మ వచ్చింది. సబ్బుతో చేతులు కడుక్కుని, ముద్దపప్పు, నెయ్యి వేసి అన్నం కలిపింది. "మరి వేడి ఎట్లా చూడనే?" అని అడిగింది. నేను చెప్పేలోపే ముంజేతి మీద రెండు మెతుకులు పెట్టుకుని చూసింది. పాప నోరు తెరిచింది.