మా పాపను అడిగి తెచ్చుకున్నాం: నా అనుభవం

కడుపులోనే పోయిన బిడ్డను ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకుని, సమాధుల తోటలో ప్రార్థనతో పూడ్చుకోవచ్చని మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, చాలామందికి తెలియదు. అడగాలన్న ఆలోచనే రాదు. మేం అడిగాం. ఎలా జరిగిందో, ఎందుకు అంత పట్టుబట్టామో రాస్తున్నాను.

మాది పల్నాడు. తరతరాలుగా కతోలికులం. మా ఆవిడకు 17వ వారం నడుస్తుండగా బిడ్డ గుండె ఆగిపోయిందని స్కానింగ్‌లో తేలింది. మాత్రలతో నొప్పులు రప్పించాలన్నారు డాక్టరమ్మ. మా ఆవిడకు వెంటనే పట్టుకున్న భయం, ఆ మాత్రలు మింగితే పాపమేమోనని. విచారణ గురువులకు ఫోన్ చేసింది. "బిడ్డ ముందే చనిపోయింది కదమ్మా. ఇది నీకు చేసే వైద్యం, గర్భస్రావం చేయించుకోవడం కాదు. ధైర్యంగా వేసుకో" అన్నారు ఫాదర్ గారు. ఇలాంటి స్థితిలో ఉన్న తల్లి ఎవరైనా ఇది చదువుతుంటే ఈ మాట గట్టిగా పట్టుకోండి. టెన్షన్‌తో వైద్యం వాయిదా వేసుకోవద్దు.

సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాల్లో ఒకదాని దగ్గర నా చెయ్యి ఆగింది. ప్రసవం తర్వాత అంతా ఆసుపత్రే పారవేయడానికి మాకు అభ్యంతరం లేదని ఉంది అందులో. ఎక్కడికి పంపుతారని నర్సును అడిగాను. బయట బతికే వయసు రాని పిండాన్ని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు ఆపరేషన్‌లో తీసేసిన అవయవాలతో కలిపి ఒకే కోవలో పెట్టాయి. పసుపు సంచిలో వేసి కాల్చడానికి పంపుతామని చెప్పింది. ఆమె తప్పేమీ లేదు, నేర్పిన పద్ధతి చెప్పింది. నేను మాత్రం సంతకం పెట్టలేకపోయాను.

మా పెద్దత్తయ్య నన్ను పక్కకు పిలిచి, "ఊపిరే పోసుకోని నలుసుకు ఇవన్నీ ఎందుకు నాయనా, అమ్మాయి ఇంకా కుంగిపోతుంది" అంది. ప్రేమతోనే అంది. కానీ మార్చి 25న మంగళవార్త పండుగ చేసుకునేవాళ్లం మేం. క్రీస్తు జయంతికి సరిగ్గా తొమ్మిది నెలల ముందు, మరియమ్మ గర్భంలో దేవుని కుమారుడు మనిషి అయిన రోజది. ఏటా ఆ పూజలో మోకరించే నేను, నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఇంకా మనిషి కాలేదని ఎలా ఒప్పుకోను?

మా తోడల్లుడు కొన్నాళ్లు ఫాదర్లు కావడానికి చదివే గురువిద్యాలయంలో చదివాడు. ఆసుపత్రికి వచ్చిన ఫాదర్ గారిని అతను ఒక మాట అడిగాడు. మగబిడ్డకు 40వ రోజున, ఆడబిడ్డకు 90వ రోజున ఆత్మ వస్తుందని అరిస్టాటిల్‌ను అనుసరించి మధ్యయుగపు క్రైస్తవ పండితులు అక్వినాసు తోమాసు గారే అన్నారు కదా, మరి ఇప్పుడు శ్రీసభ (కతోలిక చర్చి) గర్భధారణ మొదటి క్షణం నుంచీ అని ఎందుకంటోంది? ఫాదర్ గారు దాటవేయలేదు. అది ఆ కాలపు జీవశాస్త్రం మీద కట్టిన లెక్కనీ, ఆ లెక్క వేసిన తోమాసు గారు కూడా గర్భస్రావం చేయించడాన్ని ఘోరపాపమనే అన్నారనీ చెప్పారు. ఆత్మ ఏ క్షణాన వస్తుందన్నది శ్రీసభ నేటికీ విశ్వాస సత్యంగా తేల్చి ప్రకటించలేదట. అయినా గర్భధారణ జరిగిన మొదటి క్షణం నుంచే ఒక వ్యక్తికి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలని 1987లో రోము నుంచి వచ్చిన 'దోనుం వీతే' అనే బోధనా పత్రం స్పష్టంగా చెప్పింది. నాకు ఈ జవాబు చాలా నచ్చింది. ఆత్మ వచ్చే ఘడియ దేవుడికి తెలుసు. మనకు తెలియనిచోట బిడ్డ పక్షాన నిలబడటమే న్యాయం.

ఆ రాత్రే కాన్పయింది. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. వేళ్లు, చెవులు అన్నీ తెలుస్తున్నాయి. మా ఆవిడ చాలాసేపు చూసుకుంది. జ్ఞానస్నానం ఇవ్వమని ఫాదర్ గారిని వేడుకున్నాను. సంస్కారాలు బతికున్నవారికేనని, చనిపోయిన బిడ్డకు ఇవ్వడానికి వీల్లేదని చెప్పారు. అన్నిటికంటే నన్ను కోసేసింది అదే. జ్ఞానస్నానం లేకుండా పోయిన శిశువులను దేవుని కరుణకు అప్పగించమనే శ్రీసభ బోధనల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథం చెబుతుందని, 2007లో రోములోని దైవశాస్త్ర పండితుల సంఘం కూడా వాళ్ల రక్షణపై ఆశ పెట్టుకోవడానికి గట్టి ఆధారాలున్నాయని రాసిందని వివరించారు. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకుని ఉంటే, అలాంటి బిడ్డకు శ్రీసభ అంత్యక్రియలకు బిషప్ గారు అనుమతి ఇవ్వొచ్చని శ్రీసభ చట్టంలో 1183వ నిబంధన ఉంది. ఫాదర్ గారు మేత్రాసన కార్యాలయానికి, అంటే బిషప్ గారి ఆఫీసుకు, ఫోన్ చేస్తే బిషప్ గారి తరఫున పనులు చూసే వికార్ జనరల్ గారు వెంటనే సరేనన్నారు.

ఇక ఆసుపత్రి. నోటిమాటగా అడిగితే కుదరదన్నారు, రాసిస్తే చూస్తామన్నారు. తెల్లకాగితం మీద అర్జీ రాశాం: మా ఆవిడ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, మా మత విశ్వాసం ప్రకారం సొంత బాధ్యతతో ఖననం చేసుకుంటామన్న మాట, ఇద్దరి సంతకాలు, ఆధార్ కాపీలు. సమాధుల తోటలో స్థలం ఇస్తున్నట్టు విచారణ లెటర్‌హెడ్ మీద ఫాదర్ గారి ఉత్తరం జత చేశాం. ఆ ఉత్తరం చూశాకే పెద్ద డాక్టరు గారు ఒప్పుకున్నారు. సంతకం కోసం ఆగిన ఆ నర్సే పాపను తెల్లగుడ్డలో చుట్టి తెచ్చింది. వీలైతే ఈ అర్జీ కాన్పుకు ముందే ఇవ్వండి. తర్వాత అడిగితే అప్పటికే పంపేసి ఉండొచ్చు.

వడ్రంగి చిన్న పెట్టె చేసిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. తల్లి గర్భంలో మనల్ని మలిచినవాడు దేవుడేనని చెప్పే 139వ కీర్తన చదివారు ఫాదర్ గారు. పాపకు పేరు పెట్టాం. ఆ పేరు మా ఇంటివరకే ఉంచుకున్నాం.

ప్రభుత్వ కాగితం ఏదీ రాదు. మృతశిశు జననంగా నమోదు చేయాలన్నా 28 వారాలు నిండి ఉండాలి. విచారణ మరణాల పుస్తకంలో రాసిన ఒక్క వరుసే మా దగ్గరున్న ఆధారం.

తర్వాత మా విచారణలోనే మరో జంటకు ఇదే కష్టం వచ్చింది. మా అర్జీ కాపీ ఇచ్చాను. ఆదివారం ప్రకటనల్లో ఈ సంగతి చెప్పమని ఫాదర్ గారిని అడిగితే, అక్కడ విన్నవాళ్లు మర్చిపోతారనీ, పెళ్లికి ముందు జంటలకు చెప్పే తరగతుల్లో పెడతాననీ అన్నారు. పెట్టారు కూడా.