ఆర్.ఏ. పాజిటివ్ వస్తే కీళ్లవాతమేనా?

ఊడ్పుల రోజుల్లో చేతులు నెప్పులంటే కోనసీమలో ఎవరూ పట్టించుకోరు. నాట్లేసిన చేతులు, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయంటారు. చాలామందికి సర్దుకుంటాయి కూడా. సర్దుకోనివాళ్లు కీళ్లవాతమేమోనని (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) ల్యాబుకెళ్లి ‘ఆర్.ఏ. టెస్టు’ అనే రక్తపరీక్ష చేయించుకుంటారు. పాజిటివ్ వస్తే బెంగ, నెగెటివ్ వస్తే ధీమా. రెండూ తొందరపాటే.

ముందు చూడాల్సింది పొద్దుటిపూట చేతుల్ని. లేచాక వేళ్లు బిగుసుకుపోయి, జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి కూడా రాక, ఆ బిగుతు గంట దాటినా వదలట్లేదంటే రుమటాయిడ్‌ని అనుమానించాలి. అరుగుదల నెప్పుల్లో బిగుతు అరగంటలోపే పోతుంది, పని చేసేకొద్దీ నెప్పి పెరుగుతుంది. రుమటాయిడ్ ఎక్కువగా పట్టేది మణికట్లనీ, వేళ్ల మొదటి, మధ్య కణుపుల్నీ. అదీ రెండు చేతులకీ. గోటి పక్క కణుపు జోలికి సాధారణంగా పోదు.

పిడికిలి బిగించమనండి. కణుపుకీ కణుపుకీ మధ్య పల్లం కనబడాలి. వాపుంటే ఆ పల్లం పూడిపోతుంది. వేలితో నొక్కితే ఎముకలా గట్టిగా ఉండదు, మెత్తగా తగులుతుంది. నాలుగు కణుపుల్నీ రెండు పక్కల నుంచి కలిపి మెల్లగా అదిమితే చాలు, చెయ్యి లాగేసుకుంటారు.

ఇలా ఆరు వారాలు దాటితే రక్తపరీక్షలకి అర్థం ఉంటుంది. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో నూటికి ఇరవై, ముప్పై మందికి ఆర్.ఏ. నెగెటివే. ఇటు ముసలితనంలో, క్షయలో, హెపటైటిస్ సి లో రుమటాయిడ్ లేకపోయినా పాజిటివ్ రావచ్చు. యాంటీ సి.సి.పి. అనే మరో రక్తపరీక్ష ఇంకాస్త నమ్మదగ్గది. దాంతోపాటు ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. చూస్తారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. ఏ.ఎస్.ఓ. అనే ఇంకో రక్తపరీక్షలో అంకె పెరిగిందని పెద్దవాళ్లకి నెలనెలా పెన్సిలిన్ సూదులు పొడిపించడం మాత్రం అన్యాయం. అది ఈమధ్య గొంతులో సోకిన స్ట్రెప్టోకోకస్ క్రిమికి గుర్తు, కీళ్లవాతానికి కాదు.

ఈమధ్య జ్వరం వచ్చిందేమో తప్పకుండా అడగాలి. చికున్‌గున్యా నెప్పులు నెలల తరబడి ఉండి, అచ్చం రుమటాయిడ్‌లాగే కనబడతాయి. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కీల్లో చీము పట్టి ఉండొచ్చు.

అన్నిటికంటే పక్కదారి పట్టించేది పొట్లం కట్టిచ్చే చిన్న మాత్ర. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో వాపు దిగుతుంది, సి.ఆర్.పి. పడిపోతుంది, డాక్టరుకి చూడ్డానికి గుర్తులేవీ మిగలవు. లోపల ఎముక మాత్రం కొరుక్కుపోతూనే ఉండొచ్చు. అందుకే వాపున్న రోజు పొద్దున్నే పిడికిలి ఫొటో తీసి ఉంచండి. రుమటాలజిస్టు (కీళ్లవాతం చూసే డాక్టరు) దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫొటోతోపాటు మిగిలిన పొట్లాలూ పట్టుకెళ్లండి. వారాల తరబడి వాడుతున్న మాత్రల్ని మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి.