ఏ మూడు వందలు?

కాబూల్ నుంచి జలాలాబాద్‌కి షేర్ టాక్సీలో సీటు మూడు వందలన్నాడు డ్రైవర్. దిగాక మూడు వందల అఫ్ఘానీలు లెక్కపెట్టి ఇచ్చాను. కిమ్మనకుండా జేబులో వేసుకున్నాడు. ఆ రోజుల్లో జలాలాబాద్ బేరాలన్నీ కల్దార్‌లో, అంటే పాకిస్తానీ రూపాయల్లో జరుగుతాయని నాకేం తెలుసు! 2005 చలికాలం అది. అప్పట్లో కల్దార్ విలువ అఫ్ఘానీ కంటే తక్కువ. వెనక సీట్లో నలుగురం ఇరుక్కుని, తవ్వి పోసిన రోడ్డు మీద మాహిపర్ లోయ దుమ్మంతా మింగుతూ వచ్చింది చాలక, పైన ఇదొకటి.

నా పక్కన కూర్చున్న స్కూలు మాస్టారు ఇదంతా చూశాడు. డ్రైవర్‌ని పష్తోలో పది నిమిషాలు దులిపేసి, యాభై అఫ్ఘానీలు నా చేతిలో పెట్టించాడు. "ఇంజనీర్ సాబ్, ఈ రాత్రి మా ఇంట్లోనే" అన్నాడు ఉర్దూలో. పెషావర్ శరణార్థి శిబిరంలో పెరిగాడట. మనవాళ్ల గెస్ట్‌హౌస్ ఉంది, వద్దంటే వినడే! యాభై తిరిగిచ్చినందుకు మనిషినే పట్టుకుపోతున్నట్టుంది.

నేను వచ్చింది సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ సమాధి కోసం. 1987లో మనవాళ్లు భారతరత్న ఇచ్చారు, మరుసటి జనవరిలో పెషావర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకే ఇక్కడ ఖననం చేశారు. దారిలోనే కదా అని మాలిం సాబ్, అంటే మన మాస్టారు, అక్కడికీ తీసుకెళ్లాడు. పట్టుమని పదిహేను నిమిషాలు లేము, ఇంటి దగ్గర జనం ఎదురుచూస్తున్నారని ఒకటే తొందర.

నిజంగానే ఎదురుచూస్తున్నారు. మట్టి ప్రహరీ గేటు పక్కనే హుజ్రా, మగ అతిథుల గది. గోడల వెంట నులక మంచాలు, అచ్చం మా తాతయ్య ఇంటి వసారాలోలా. వచ్చిన ప్రతివాడూ "స్తడే మ షే" అంటాడు, నీకు అలసట రాకూడదని. "ఖ్వార్ మ షే" అని బదులివ్వాలి, నీకు లేమి రాకూడదని. పదకొండు మంది వచ్చారు, పదకొండుసార్లు అన్నాను.

ఓ కుర్రాడు చెంబుతో చేతులమీద నీళ్లు పోశాడు. భోజనానికి నేలమీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచారు. నాన్ తుంచి షోర్వాలో, అంటే మాంసం పులుసులో నానబెట్టి, ఒకే గిన్నెలో నలుగురం. మాంసం ముక్కలన్నీ ఎవరో ఒకరు నావైపే తోసేస్తున్నారు. పైన పిండడానికి పుల్లటి పండు తెచ్చారు. పేరేంటంటే "నారింజ్" అన్నారు. నవ్వొచ్చింది, మన నారింజే! టీ అయితే కప్పు మీద అరచెయ్యి మూసేదాకా పోస్తూనే ఉన్నారు. మన పెళ్లి వడ్డనలు నయం, అక్కడ ఆకు మడిచి లేచిపోవచ్చు.

కడుపు నిండిన సంతోషంలో నోరు జారాను. "వంట చాలా బాగుందని మీ బీవీకి చెప్పండి" అన్నాను.

గదిలో చప్పుడు ఆగిపోయింది. ఒక పెద్దాయన తస్బీ (జపమాల) పూసలు చూసుకుంటూ కూర్చున్నాడు. కుర్రాడు ఖాళీ గిన్నెలు తీసుకుని బయటికి జారుకున్నాడు. కాసేపటికి మాలిం సాబ్ నెమ్మదిగా, "ఇంటికి చెప్తాలెండి" అన్నాడు. ఇల్లు, పష్తోలో కోర్. భార్య అని నలుగురిలో అనరు.

మా తాతయ్యా అంతే. డాక్టర్ దగ్గర కూడా "మా ఇంట్లో ఒంట్లో బాగాలేదండీ" అనేవాడు, అమ్మమ్మ పేరెత్తేవాడు కాదు. కానీ అమ్మమ్మ మారు వడ్డించేది, వద్దంటే కోప్పడేది, వంట బాగుందంటే మూతి తిప్పి నవ్వేది. ఇక్కడ అన్ని రొట్టెలు కాల్చినావిడ నీడ కూడా నా కంటపడలేదు. మర్యాదకి లోటు లేదు గానీ, ఆ రాత్రంతా నాకది మింగుడుపడలేదు.

పొద్దున్నే బయల్దేరుతుంటే కుర్రాడు గళ్ల గుడ్డ మూట తెచ్చాడు. పొగలు కక్కే నాన్‌లు, ఆరు నారింజలు. ముడి రెండుసార్లు గట్టిగా బిగించి ఉంది. "కోర్" అన్నాడు, లోపలి తెర వైపు తల ఊపి.

స్టాండులో కాబూల్ టాక్సీవాడు మూడు వందలన్నాడు.

"ఏ మూడు వందలు?" అన్నాను, మూట ఒళ్లో పెట్టుకుని.